ఒక్క పంక్తి చాలు

సచిన్ అనగానే మనవారికి స్ఫురించేది బొంబాయి క్రికెట్ వీరుడు. కాని సూరత్ నగరానికి దక్షిణాన, బొంబాయి పోయే రైలుమార్గం మీద, ఆ పేరుగల ఊరు ఒకటున్నది. 1948 వరకు అది సిద్దీ నవాబులు ఏలిన చిన్న సంస్థానం. నేడది పారిశ్రామికవాడ. మగ్గాల చప్పుడూ, అద్దకపు రంగుల వాసనా అక్కడ రాత్రింబవళ్లు ఆగవు. కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ ప్రాంతాలనుండి తరలివచ్చిన పద్మశాలీలు సూరత్ చుట్టుపట్ల ఎందరో ఉన్నారు. లింబాయత్ వీధులలో నడుస్తూంటే గుజరాతు దేశంలో ఉన్నామన్న సంగతి ఒక్కొక్కప్పుడు మరచిపోతాము.

భద్రతా సూచనలను తెలుగులోకి మార్చే పనిమీద సచిన్‌లోని ఒక నేత కర్మాగారపు కార్యాలయంలో నేను కొన్నాళ్లు కూర్చున్నాను. ఒక సాయంకాలం అక్కడ గొప్ప కలవరం పుట్టినది. మరునాడు జీతాల రోజు. హాజరు పట్టీలూ, వేతనాల లెక్కలూ అన్నీ ఒక లైనక్స్ కంప్యూటరులో ఉన్నాయి. గుమాస్తా ఎన్నిసార్లు ప్రయత్నించినా లెక్క భద్రం కావడం లేదు. “పరికరంలో చోటు లేదు” అని యంత్రం మొండికేసినది. తలుపు బయట, జీతం రేపు వస్తుందా రాదా అని అడగడానికి నలుగురు కార్మికులు నిలబడి ఉన్నారు. ఇంటి అద్దె కట్టవలసినవాడొకడు, ఊరికి సొమ్ము పంపవలసినవాడొకడు.

“పాత సంవత్సరాల ఫోల్డర్లు తుడిచేద్దాం. చోటు దానంతటదే వస్తుంది” అన్నాడు గుమాస్తా. అతని వేలు మీట మీదికి పోయేలోగా, యంత్రాల బాధ్యత చూసే కుర్రవాడు “ఠహరో భాయ్!” అంటూ పరుగున వచ్చినాడు. అతడు మన తెలుగువాడే. తండ్రి మగ్గం నేస్తాడు. తల్లి కండెలు చుడుతుంది. కుర్చీ లాక్కుని కూర్చుని, నావైపు తిరిగి మెల్లగా అన్నాడు: “తుడిచేసుడు అల్కగ అయితది అన్నా. మళ్ల తెచ్చుడే కాదు.”

తరువాతి ఇరవై నిమిషాలలో అతడు కొట్టినవి నాలుగైదు పంక్తులు మాత్రమే. ఆంగ్ల సాహిత్యం చదువుకుని, అనువాదాలతో పొట్టపోసుకునే నావంటివానికి ఆ పంక్తులు మొదట మంత్రాలవలె కనిపించినవి. తరువాత నేర్చుకుంటే అవి మంత్రాలు కావని, చక్కని వాక్యాలని తెలిసినది. వాటిని ఈ నెల పాఠకులతో పంచుకుంటున్నాను.

పెంకు, గింజ

కంప్యూటరు లోపల యంత్రాన్ని నడిపే మూలభాగాన్ని ‘కెర్నెల్’ అంటారు. అంటే గింజ. గింజ చుట్టూ పెంకు ఉన్నట్లు, దాని చుట్టూ ఉండి మన మాట విని లోపలికి చేరవేసేది ‘షెల్’. ఈ పేరు పెట్టినవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ పూజాన్. కాలం 1960 దశాబ్ది. బొమ్మల మీద నొక్కే పద్ధతి కాక, మన కోరికను ఒక పంక్తిగా వ్రాసి ఇస్తే షెల్ దానిని చదివి పని చేయిస్తుంది. నేడు విస్తారంగా వాడే ‘బాష్’ అనే షెల్లును బ్రయన్ ఫాక్స్ 1989లో వెలువరించినాడు. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రారంభించిన లైనక్స్ గింజ నేడు మన జేబులలోని ఆండ్రాయిడ్ ఫోనులలో కూడ ఉన్నది. ప్రపంచంలో అతివేగవంతమైన 500 మహాగణకాల పట్టికలో 2017 నవంబరు నుండి ప్రతి యంత్రమూ లైనక్స్ మీదనే నడుస్తున్నది. కనుక ఈ విద్య ఏదో మూలనున్న కొద్దిమందికి చెందినదని అనుకోనక్కరలేదు.

దీని బలమంతా ఒక నిలువు గీతలో ఉన్నది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డగ్లస్ మెకిల్‌రాయ్ అనే గణితజ్ఞుడు 1964లోనే ఒక సూచన చేసినాడు. తోటకు నీళ్లు పెట్టే గొట్టాలను ఒకదానికొకటి బిగించుకున్నట్లు, ప్రోగ్రాములను కూడ ఒకదానికొకటి తగిలించుకునే వీలుండాలన్నాడు. 1973లో యూనిక్స్ నిర్మాత కెన్ థామ్సన్ ఆ కోరిక తీర్చినాడు. అదే ‘పైపు’. దాని గుర్తు | అనే నిలువు గీత. ఎడమవైపు ప్రోగ్రాము చెప్పినది కుడివైపు ప్రోగ్రాము చెవిలో పడుతుంది.

ఇది నేతవారికి వివరించనక్కరలేని సంగతి. నూలు చిలువలు తోడేవారొకరు, కండెలు చుట్టేవారొకరు, పడుగు పోసేవారొకరు, గంజి పెట్టేవారొకరు, చివరికి మగ్గం మీద కూర్చునేవారొకరు. ఎవరి పని వారు శుభ్రంగా చేసి, తరువాతివారి చేతికి అందిస్తారు. ఒక్కరే అన్నీ చేయబోతే బట్ట బజారుకు చేరదు. షెల్ పంక్తి కూడ ఇట్టి ఉమ్మడి కుటుంబమే.

ఒక మనవి. క్రింది పంక్తులను తెలుగు లిపిలో ఉచ్చరించినట్లు వ్రాస్తున్నాను. యంత్రం మీద కొట్టేటప్పుడు వాటిని ఆంగ్లపు చిన్న అక్షరాలలో కొట్టవలెను.

చోటు ఎక్కడికి పోయినది?

కుర్రవాడు మొదట కొట్టినది ఇది:

డీఎఫ్ -హెచ్

ఏ డిస్కు ఎంత పెద్దది, ఎంత నిండినది, ఎంత ఖాళీ ఉన్నది అని ఇది పట్టిక చెబుతుంది. ‘హెచ్’ అనే ఆ చిన్న తోక లేకపోతే అంకెలు పేరబెట్టినట్లు కనబడతాయి. అది ఉంటే మెగాబైట్లు, గిగాబైట్లు అని మనుషులకు తెలిసే రీతిలో వస్తాయి. డిస్కు నూటికి నూరుపాళ్లూ నిండి ఉన్నది. అయితే నింపినదెవరు?

డీయూ -ఎస్‌హెచ్ * | సార్ట్ -ఆర్‌హెచ్ | హెడ్

దీనిని వాక్యంగా చదువుకుందాం. ‘డీయూ’ ఇక్కడున్న ఒక్కొక్క ఫోల్డరు ఎంత చోటు తిన్నదో తూచి చెబుతుంది. చుక్క గుర్తు ‘అన్నిటినీ’ అని. ఆ జాబితాను ‘సార్ట్’ అందుకుని పెద్దవి ముందు, చిన్నవి వెనుక వచ్చేట్లు పేరుస్తుంది. ‘హెడ్’ దానిలో తలకాయ మాత్రం, అనగా మొదటి పది పంక్తులు మాత్రం, మన ముందు పెడుతుంది. దోషి సాధారణంగా ఆ పదిమందిలోనే ఉంటాడు. అన్నిటికంటె పెద్ద ఫోల్డరులోకి పోయి అదే పంక్తి మళ్లీ కొట్టాలి. ఇట్లా రెండు మూడు మెట్లు దిగితే గుట్టు తెలుస్తుంది. చుక్కతో మొదలయ్యే పేరుగల ఫైళ్లు దాగి ఉంటాయి. మనమున్న ఫోల్డరులోని అట్టివి ఈ జాబితాలోకి రావన్నది మరువరాదు.

ఆనాటి దోషి పాత సంవత్సరాల లెక్కలు కానే కాదు. అవన్నీ కలిపి తూచినా పిడికెడే. చోటంతా మింగినది ఒకే ఒక లాగ్ ఫైలు, అనగా యంత్రం తనకు జరిగినదంతా వ్రాసుకునే దినచర్య పుస్తకం. గుమాస్తా చేయబోయిన పని జరిగి ఉంటే ఏళ్ల తరబడి కార్మికుల హాజరు, భవిష్యనిధి లెక్కలు పోయేవి; చోటు మాత్రం వచ్చేది కాదు.

ఏమి జరిగినది?

దొంగ దొరికినాడు గదా అని వెంటనే తుడిచివేయలేదు. ఆ పుస్తకంలో ఏమున్నదో ముందు చూడాలన్నాడు కుర్రవాడు.

టెయిల్ -ఎన్ 10000 లాగ్‌పేరు | కట్ -డీ ' ' -ఎఫ్ 3- | సార్ట్ | యునిక్ -సీ | సార్ట్ -ఆర్‌ఎన్ | హెడ్

చూడడానికి పొడుగు, చదివితే సులభం. ‘టెయిల్’ చివరి పదివేల పంక్తులు తీసుకుంటుంది. ఆ ఫైలులో ప్రతి పంక్తికీ మొదటి రెండు మాటలు తేదీ, వేళ. అవి ఉంటే ఏ రెండు పంక్తులూ ఒక్కటి కావు గనుక, ‘కట్’ వాటిని కోసివేసి మూడవ మాట నుండి ఇస్తుంది. ‘సార్ట్’ ఒకే రకపు పంక్తులను పక్కపక్కన చేరుస్తుంది. ‘యునిక్’ పక్కపక్కనున్న ఒకేరకం పంక్తులను ఒకటిగా చేసి, అవి ఎన్ని ఉన్నాయో ‘సీ’ తోకతో లెక్క చెబుతుంది. రెండవ ‘సార్ట్’ ఎక్కువ లెక్క వచ్చినదానిని పైకి తెస్తుంది. ‘యునిక్’ తనకు ఆనుకుని ఉన్నవాటినే చూడగలదు. అందుచేత దానికి ముందు ‘సార్ట్’ తప్పనిసరి. ఇది మరచి తప్పు లెక్కలు నమ్మేవారు చాలమంది.

ఫైలు మొత్తం ఎందుకు తీసుకోలేదని అడిగినాను. పెద్ద ఫైలును పేర్చడానికి ‘సార్ట్’కు కూడ డిస్కులో తాత్కాలికంగా చోటు కావాలట. చోటు లేనిచోట చోటడిగితే పని మధ్యలో ఆగిపోతుంది గదా! ఇట్టి చిన్న జాగ్రత్తలలోనే అనుభవజ్ఞుని గుర్తించవచ్చును.

జవాబు క్షణంలో వచ్చినది. పదివేల పంక్తులలో దాదాపు అన్నీ ఒకే మాట: గేటు దగ్గరి హాజరు యంత్రం పలకడం లేదని. సెకనుకు ఎన్నోసార్లు పిలవడం, అది పలకకపోవడం, ఆ సంగతి పుస్తకంలో వ్రాసుకోవడం. ఇదే రోజుల తరబడి సాగినది. ఒక మనిషిని గేటుకు పంపితే తీగ ఊడి వ్రేలాడుతున్నది. బిగించగానే పిలుపులు ఆగినవి.

అప్పుడు గాని లాగ్ ఫైలును ఖాళీ చేయలేదు. అదికూడ ‘ఆర్ఎం’ అనే తొలగింపు ఆజ్ఞతో కాదు:

ట్రంకేట్ -ఎస్ 0 లాగ్‌పేరు

దీనికొక కారణమున్నది. ఒక ప్రోగ్రాము తెరిచి పట్టుకున్న ఫైలును ‘ఆర్ఎం’తో తీసివేస్తే పోయేది దాని పేరు మాత్రమే. గుమ్మం మీది పేరు పలక తీసివేసినంతమాత్రాన లోపల కాపురమున్నవారు ఇల్లు ఖాళీ చేసినట్లా? ఆ ప్రోగ్రాము ఫైలును వదిలేదాకా చోటు తిరిగి రాదు. ‘డీయూ’ తూకంలో ఏమీ కనబడదు. ‘డీఎఫ్’ మాత్రం నిండుగా ఉన్నదనే చెబుతుంది. ఈ రెండు లెక్కలకూ పొంతన కుదరనప్పుడు ఇట్టి పేరులేని కాపురం ఉన్నదేమోనని అనుమానించవలెను. ‘ట్రంకేట్’ పేరును తాకకుండా లోపలి సరుకును మాత్రం సున్నకు తెస్తుంది. ఇక మీదట పుస్తకం మితి మీరకుండా పాతవాటిని మడిచిపెట్టే ‘లాగ్‌రొటేట్’ అనే ఏర్పాటును కూడ ఆ రాత్రే చేసినాడు.

నా వంతు పశ్చాత్తాపం

ఇక్కడ నా కథ ఒకటి చెప్పక తప్పదు. ఆ కుర్రవాడు “మళ్ల తెచ్చుడే కాదు” అన్నప్పుడు నా గుండె ఝల్లుమన్నది, అంతకు రెండేళ్ల ముందు నేనది అనుభవించి ఉన్నాను గనుక. ఒక నవల అనువాదంలో పదకొండు అధ్యాయాలు పూర్తిచేసి, వాటి పాత ప్రతులను తొలగించబోయినాను. ‘బ్యాక్’తో ముగిసే ఫైళ్లన్నీ తీసివేయమని చెప్పడానికి చుక్క గుర్తునూ, ఆ మాటనూ కలిపి కొట్టాలి. నేను వాటి నడుమ ఒక్క ఖాళీ వదిలినాను. అప్పుడు దాని అర్థం ‘అన్నిటినీ తీసివేయి, తరువాత బ్యాక్ అనేదానిని తీసివేయి’ అని మారిపోయినది. షెల్ మారు మాట అడగలేదు. అక్కడ చెత్తబుట్ట ఉండదు, వెనక్కి తీసుకునే దారి ఉండదు. పదకొండు అధ్యాయాలు కనురెప్పపాటులో పోయినవి. ఒక కామా తప్పితే అర్థం తారుమారౌతుందని విద్యార్థులకు బోధించిన నాకు ఒక ఖాళీ విలువ ఆనాడు తెలిసినది.

నాటినుండి నేను పాటించే నియమం ఒకటి. తొలగించే ఆజ్ఞ ఇవ్వడానికి ముందు, అదే పంక్తిలో ‘ఆర్ఎం’కు బదులు ‘ఎల్ఎస్’ అని కొట్టి చూస్తాను. ఏ ఫైళ్లు పోబోతున్నాయో ఆ జాబితా కళ్ల ముందుకు వస్తుంది. పాత తాత్కాలిక ఫైళ్లను వెదకి తీసివేసే పంక్తికి కూడ ఇదే నీతి:

ఫైండ్ . -నేమ్ '*.టీఎంపీ' -ఎంటైమ్ +30 -ప్రింట్

ఈ ఫోల్డరులోనూ దాని లోపలి ఫోల్డర్లలోనూ, ముప్పై రోజులకు పైగా ఎవరూ మార్చని తాత్కాలిక ఫైళ్ల పేర్లు చూపమని దీని భావం. జాబితా చూసి తృప్తిపడిన తరువాతనే చివరి ‘-ప్రింట్’ స్థానంలో ‘-డిలీట్’ అని మార్చవలెను. అది చివరనే ఉండాలి. ‘ఫైండ్’ ఎడమనుండి కుడికి చదువుతుంది. ‘-డిలీట్’ ముందుకు వస్తే షరతులేవీ చూడకుండానే తొలగించడం మొదలుపెడుతుంది. మాటల వరుస మారితే మన భాషలో విభక్తులు కాపాడతాయి. ఇక్కడ కాపాడేవారు లేరు.

ఇక రెండవ నియమం, ప్రతి సాయంత్రం ఒక నకలు:

టార్ -సీజెడ్‌ఎఫ్ నకలు-$(డేట్ +%ఎఫ్).టార్.జీజెడ్ అనువాదం

‘అనువాదం’ అన్న ఫోల్డరును మూటగట్టి, కుదించి, ఆనాటి తేదీని పేరులో చేర్చి దాచిపెట్టే పంక్తి ఇది. శాతం గుర్తు తరువాతి ‘ఎఫ్’ ఒక్కటి మాత్రం పెద్ద అక్షరం. ఆ మూటను మరొక డిస్కుమీదికి చేర్చడం మరువకండి. ఇల్లు కాలితే ఇంట్లోని రెండు ప్రతులూ కాలుతాయి.

మాటలు లెక్కించే పంక్తి

ఈ విద్య యంత్రాల నిర్వాహకులకే కాదు, అక్షరాలతో బ్రతికేవారికీ పనికివస్తుంది. 1986లో ఒక అమెరికన్ కంప్యూటరు పత్రికలో జాన్ బెంట్లీ నిర్వహించిన శీర్షికలో ఒక ముచ్చట జరిగినది. ఒక గ్రంథంలో ఏ మాట ఎన్నిసార్లు వచ్చినదో లెక్కించి, ఎక్కువసార్లు వచ్చినవి చూపే ప్రోగ్రాము వ్రాయమని మహాపండితుడు డొనాల్డ్ నూత్‌ను కోరినారు. ఆయన పుటలకొద్దీ అందమైన ప్రోగ్రాము వ్రాసినాడు. దానిని సమీక్షించిన మెకిల్‌రాయ్, ఆ రచనను మెచ్చుకుంటూనే, ఇదే పనిని ఆరు చిన్న ఆజ్ఞలను పైపులతో కలిపి చేసి చూపినాడు.

కాని తెలుగువాడు ఆ ఆరింటినీ యథాతథంగా వాడితే చిక్కే. మొదటి ఆజ్ఞ ఆంగ్ల అక్షరాలు కానివన్నీ తీసిపారేస్తుంది. మన పుట మొత్తం తెల్లకాగితమౌతుంది! మనకు తగినట్లు ఇట్లా మార్చుకోవచ్చును:

ట్ర్ -ఎస్ ' ' '\ఎన్' < ఫైలుపేరు | సార్ట్ | యునిక్ -సీ | సార్ట్ -ఆర్‌ఎన్ | హెడ్

ఖాళీ ఉన్నచోటల్లా పంక్తి విరిచి, మాటకొక పంక్తి చేసి, తరువాత పూర్వం లాగ్ ఫైలుకు చేసిన లెక్కనే చేస్తుంది. నా అనువాదాన్ని దీనితో తూచినప్పుడు ‘అయితే’ అన్న మాటను నేనెంత దుబారా చేస్తున్నానో తెలిసి సిగ్గుపడినాను.

అక్షరాల లెక్కలో మరొక వింత ఉన్నది. ‘సచిన్’ అన్న పేరును కంటితో చూస్తే మూడక్షరాలు: స, చి, న్. ‘డబ్ల్యూసీ -ఎం’ అనే ఆజ్ఞ అయిదు అంటుంది. గుడినీ, పొల్లునూ అది వేరుగా లెక్కిస్తుంది. ‘డబ్ల్యూసీ -సీ’ పదిహేను అంటుంది. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కటి మూడు బైట్లు ఆక్రమిస్తుంది. ఆ పద్ధతిని 1992లో రూపొందించినవారు రాబ్ పైక్, పైపును అమర్చిన ఆ కెన్ థామ్సనే. అక్షరానికింత అని ప్రతిఫలం మాట్లాడుకునే అనువాదకులు ఏ లెక్కో ముందే తేల్చుకోవడం మంచిది!

చదివి, పిదప ఆజ్ఞాపించు

ఎవరో ఇచ్చిన పంక్తిని అర్థం తెలియకుండా అతికించి మీట నొక్కడం, చదవని పత్రం మీద వ్రేలిముద్ర వేయడం వంటిది. తెలియని ఆజ్ఞ కనబడితే దాని ముందు ‘మ్యాన్’ అని చేర్చి కొట్టండి. ఉదాహరణకు ‘మ్యాన్ సార్ట్’. దాని వివరణ గ్రంథం అక్కడే తెరుచుకుంటుంది. విండోస్ కంప్యూటరు ఉన్నవారు కూడ 2016లో మైక్రోసాఫ్ట్ ప్రవేశపెట్టిన లైనక్స్ ఉపవ్యవస్థను చేర్చుకుని ఇంట్లోనే అభ్యాసం చేయవచ్చును. పనికిరాని ఫైళ్లు నాలుగు ఒక ఫోల్డరులో వేసుకుని వాటిమీద నేర్చుకోండి. బ్రతుకుదెరువు లెక్కల మీద కాదు.

ఆ రాత్రి తొమ్మిది దాటిన తరువాత వేతనాల పట్టీ అచ్చయినది. కుర్రవాడు ఆ పంక్తులను ఒక కాగితం మీద వ్రాసి బీరువా తలుపు లోపలివైపు అంటించినాడు. అన్నిటికంటె పైన గుజరాతీలో ఒక వాక్యం వ్రాసినాడు: ‘ముందు చూడు, తరువాత తుడువు’. దాని క్రింద తెలుగులో కూడ వ్రాయమని నన్ను అడిగితే వ్రాసినాను. గుమాస్తా దానిని రెండుసార్లు చదివించుకుని, ఏమీ అనకుండా, అందరికీ టీ చెప్పినాడు.

మరునాడు ఉదయం కార్మికులు వరుసలో నిలబడి జీతాలు తీసుకుంటున్నారు. తమ కష్టార్జితపు లెక్కలు క్రిందటి సాయంత్రం ఒక మీట దూరంలో నిలిచినవని వారెవరికీ తెలియదు. ఊరికి సొమ్ము పంపవలసిన మనిషి నోట్లు లెక్కపెట్టుకుని, చొక్కా లోపలి జేబులో దాచుకుని, మగ్గం వైపు నడిచినాడు.